ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ సమీక్ష: గోదావరి మట్టం చెబుతుంది, వాగు సంగతి చెప్పదు

కేంద్ర జలసంఘం 2023 ఆగస్టులో విడుదల చేసిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌ను వర్షాకాలంలో గోదావరి ఒడ్డున ఉండేవారు ఎంతవరకు నమ్ముకోవచ్చునో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం. ఇది ఉచితంగా దొరికే ప్రభుత్వ సేవ కనుక ధర గురించి మాట్లాడవలసిన పని లేదు. కానీ సామాను అటక ఎక్కించాలా, పశువులను గట్టు మీదికి తోలాలా, పిల్లలను మెరక మీదున్న బంధువుల ఊరికి పంపాలా అన్న నిర్ణయాలు దీన్ని చూసి తీసుకునే అవకాశం ఉన్నందున దీనిని కొంచెం గట్టిగానే పరీక్షించాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: పెద్ద నది విషయంలో ఇది మంచి సేవ, చిన్న ఏర్లు, వాగుల విషయంలో దీని మీద ఆధారపడరాదు, ఐదు మార్కులకు మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర మార్కు ఎందుకు తగ్గిందో వివరించాలంటే నీరు కొండ మీద పడిన చోటు నుంచి కడలిలో కలిసే చోటు దాకా ఎలా నడుస్తుందో కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ యాప్‌లోని లోపాలన్నీ ఆ నడకలో అది చూపించే భాగానికీ, చూపించని భాగానికీ సంబంధించినవే.

ముందుగా యాప్ స్వరూపం. తెరవగానే భారతదేశ పటం, దాని మీద రంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క నది మీదున్న ఒక్కో కొలత కేంద్రం. దానిని తాకితే ఆ చోట ప్రస్తుత నీటిమట్టం, హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం, ఇంతవరకు నమోదైన అత్యధిక మట్టం, గత కొన్ని రోజుల హెచ్చుతగ్గులను చూపే గీత కనిపిస్తాయి. మొదటి విడతలో 200 కేంద్రాలకు అంచనాలు ఇచ్చారు. 2024 ఆగస్టులో వచ్చిన రెండో రూపంలో ఆ సంఖ్య 592కు పెరిగింది, దానితో పాటు 150 పెద్ద జలాశయాల వివరాలు చేరాయి. ఈ సమాచారం యాప్ కోసం కొత్తగా పుట్టినది కాదు. 1958లో ఢిల్లీలో యమునకు మొదటి వరద అంచనా ఇచ్చిన నాటి నుంచి జలసంఘం చేస్తున్న పనినే ఇప్పుడు మన చేతి ఫోనులోకి తెచ్చారు. ఇదివరకు కలెక్టరు కార్యాలయానికి వెళ్లి, అక్కడి నుంచి విలేకరికి చేరి, మర్నాడు పొద్దున పేపరులో కనిపించే అంకె ఇప్పుడు సామాన్యుడికి నేరుగా కనబడుతోంది. యాప్ గొప్పతనం ప్రధానంగా ఇదే.

అయితే భద్రాచలం వాసి ఎవరైనా ఈ యాప్‌లో తమ ఊరి చుక్కను తాకితే మొదట కలిగేది అయోమయమే. గోదావరిని మనం అడుగుల్లో లెక్కపెడతాం: 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చిన అంకెలివి. యాప్‌లో మాత్రం హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు అని ఉంటుంది. మీటరును అడుగుల్లోకి మార్చితే మొదటిది 150 అడుగులు, రెండవది 160 అడుగులు. అంటే యాప్ సముద్రమట్టం నుంచి కొలుస్తోంది. మన గట్టు మీది స్కేలు సున్నా సముద్రమట్టానికి 107 అడుగుల ఎత్తున మొదలవుతోంది. 150లోంచి 107 తీసేస్తే 43, 160లోంచి తీసేస్తే 53. యాప్ హెచ్చరిక మట్టం మన మొదటి హెచ్చరిక, యాప్ ప్రమాద మట్టం మన మూడవ హెచ్చరిక అన్నమాట. మధ్యనున్న రెండవ హెచ్చరికకు అక్కడ చోటే లేదు. ధవళేశ్వరంలోనూ ఇదే కథ. అక్కడి 11.75 అడుగుల మొదటి హెచ్చరిక యాప్‌లో 14.25 మీటర్లు, 17.75 అడుగుల మూడవ హెచ్చరిక 16.08 మీటర్లు, అక్కడ తీసివేయవలసినది 35 అడుగులు. కనుక మీటర్లను 3.28తో హెచ్చవేసి భద్రాచలానికి 107, ధవళేశ్వరానికి 35 తీసివేస్తే పేపరులో వచ్చే అంకె వస్తుంది. సముద్రమట్టం నుంచి కొలవడం ఇంజినీర్లకు ఎంతో అవసరం. ఒక కేంద్రానికీ దిగువనున్న మరో కేంద్రానికీ మధ్య నీటి వాలు ఎంత ఉందో అలా కొలిస్తేనే తెలుస్తుంది. కానీ స్థానిక స్కేలు అంకెను దాని పక్కనే చూపడానికి ఒక్క తీసివేత చాలు. ఆ పని యాప్ చేయకుండా వానలో తడుస్తున్న రైతుకు వదిలేయడం సమంజసం కాదు.

రంగుల విషయం ఇంతకంటే తీవ్రమైనది. నీరు హెచ్చరిక మట్టం కంటే దిగువన ఉంటే ఆకుపచ్చ, హెచ్చరిక దాటితే పసుపు, ప్రమాద మట్టం దాటితే నారింజ, చరిత్రలో నమోదైన అత్యధిక మట్టాన్ని మించితేనే ఎరుపు. దేశమంతటికీ ఒకే పద్ధతి ఉండాలన్న ఉద్దేశం మంచిదే. కానీ భద్రాచలంలో అత్యధిక మట్టం 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులు. కాబట్టి 53 అడుగులు దాటిన క్షణం నుంచి 75.6 దాకా, అంటే 22 అడుగులకు పైగా నీరు పెరిగే వరకు, చుక్క నారింజ రంగులోనే ఉంటుంది. 2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకు చేరి మన్యంలో ఊళ్లకు ఊళ్లను ముంచినప్పటి మట్టానికి కూడా ఈ లెక్కన వచ్చే రంగు ఎరుపు కాదు. 54 అడుగుల వరదకూ 71 అడుగుల వరదకూ ఒకే రంగు వేసే పద్ధతిని చూసి ఎవరైనా 'ఇంకా ఎరుపు రాలేదు కదా' అని ఇంట్లో కూర్చుంటే ఆ తప్పు వారిది కాదు. ఈ యాప్ వాడేవారు రంగును పట్టించుకోకుండా అంకెనూ గీతనూ చూడడం అలవాటు చేసుకోవాలని నా సలహా.

గీత దగ్గరికి వస్తే, యాప్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది అదే. నీటిమట్టం కాలంతో పాటు ఎలా మారిందో చూపే ఆ వంపులో వర్షం నేల మీద చేసే ప్రయాణమంతా దాగి ఉంటుంది. ఆకాశం నుంచి పడిన చినుకు నేరుగా నదిలోకి వచ్చేయదు. కొంత ఆకుల మీద నిలిచి ఆవిరైపోతుంది. కొంత చిన్న గుంటల్లో, మడుల్లో ఆగుతుంది. చాలా భాగం నేలలోకి ఇంకుతుంది. జూన్‌లో తొలి వానలకు నెర్రెలు విచ్చిన నల్లరేగడి ఎంత నీటినైనా తాగుతుంది కనుక విదర్భలో రెండు రోజులు కుండపోత కురిసినా ఆ నెలలో గోదావరి గీత పెద్దగా కదలకపోవచ్చు. ఆగస్టు నాటికి అదే నేల తడిసి ముద్దయి ఉంటుంది, చెరువులు నిండి అలుగులు పారుతుంటాయి. అప్పుడు అంతే వర్షం పడితే ఇంకేందుకు చోటు లేక నీరు నేల మీదనే పారి వంకలోకి, వంక నుంచి వాగులోకి, వాగు నుంచి ఏటిలోకి, ఏటి నుంచి నదిలోకి ఉరుకుతుంది. వర్షం ఎంత పడిందన్న ఒక్క అంకెతో వరదను ఊహించలేమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. 1986 వరద ఆగస్టులో వచ్చిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2022 వరద జులై మధ్యలోనే వచ్చిన సంగతినీ మరువరాదు, ఎడతెగని వాన కొద్ది రోజుల్లోనే నేలను నింపేయగలదు.

గీత పైకి లేచే తీరుకూ దిగే తీరుకూ తేడా ఉంటుంది. నేల మీద పారిన నీరు త్వరగా వస్తుంది కనుక లేచేటప్పుడు వాలు నిటారుగా ఉంటుంది. వాన తగ్గాక మొదట వేగంగా దిగి, తరువాత నెమ్మదించి, చివరికి దాదాపు అడ్డగీతలా సాగుతుంది. మొదటి భాగంలో తీసిపోయేది నేల మీద పారిన నీరు; రెండో భాగంలో వచ్చేది మట్టి పొరల్లో పక్కగా జరుగుతూ ఏటి ఒడ్డుకు చేరిన నీరు; ఆఖరి అడ్డగీత భూగర్భం నుంచి ఊరే ఊట. వరద 'తీసింది' అని మనం అనే రోజు నాటికి నదిలో పారుతున్నది వారం కిందటి వాన మాత్రమే కాదు, నెలల కిందట ఇంకినది కూడా అందులో కలిసి ఉంటుంది. ఈ సంగతి తెలిసినవారు గీత దిగుడు నెమ్మదించిన చోటును చూసి ఎగువన ఇంకా నీరు మిగిలి ఉందో లేదో కొంతవరకు చెప్పగలరు. దిగుతున్న గీత హఠాత్తుగా మళ్లీ పైకి తిరిగితే ఏదో ఉపనది నుంచి రెండో కెరటం వస్తోందని అర్థం. యాప్‌లో ఈ వివరణ ఒక్క వాక్యమైనా ఉండి ఉంటే బాగుండేది.

గోదావరి వరద ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ యాప్ పటం చక్కటి సమాధానం చెబుతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన నది 1,465 కిలోమీటర్లు నడుస్తుందని బడిలో చదువుకున్నాం కనుక నాసిక్‌లో వాన పడితే భద్రాచలంలో వరద వస్తుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి పడమటి కనుమలు దాటగానే గోదావరి ప్రవేశించేది కనుమల చాటున వాన తక్కువగా పడే వర్షచ్ఛాయా ప్రాంతంలోకి. అక్కడి నీటిలో ఎక్కువ భాగాన్ని జయక్వాడి, ఆ తరువాత శ్రీరామసాగర్ వంటి జలాశయాలు పట్టుకుంటాయి. భద్రాచలాన్ని ముంచే నీరు ప్రధానంగా కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహితది, దాని దిగువన కలిసే ఇంద్రావతిది. నదికి నీరు చేరే మొత్తం ప్రాంతంలో (బేసిన్‌లో) దాదాపు మూడో వంతు ఒక్క ప్రాణహితదే. వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగ నదుల ద్వారా విదర్భ, మధ్యప్రదేశ్ సాత్పురా కొండల దాకా విస్తరించిన నీరంతా అందులోకి వస్తుంది. శ్రీరామసాగర్ గేట్లు మూసి ఉన్నా భద్రాచలంలో రెండో హెచ్చరిక ఎగరడం ఇందుకే వింత కాదు. యాప్‌లో ప్రాణహిత మీది టేక్రా, ఇంద్రావతి మీది పాతగూడెం, గోదావరి మీది పేరూరు చుక్కలను వరుసగా గమనిస్తే, ఇంకా భద్రాచలానికి చేరని నీరు దారిలో ఎక్కడుందో కళ్లకు కడుతుంది. టీవీలో వరద వార్త వినడం కంటే ఇది ఎంతో మేలు.

ఇందులో మరో ఆసక్తికరమైన విషయం ఉంది. గోదావరికి పెద్ద వరదలు తెచ్చే అల్పపీడనాలు సాధారణంగా వాయవ్య బంగాళాఖాతంలో ఏర్పడి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా పడమర వైపు నడుస్తాయి. నది నడిచేది తూర్పుకు. కాబట్టి మేఘం ముందుగా తడిపేది సముద్రానికి దగ్గరగా ఉన్న శబరి, ఇంద్రావతి పరీవాహకాలను, ఆ తరువాత ప్రాణహితను. చాలాసార్లు శబరి వరద సగం తీశాక ప్రాణహిత వరద చేరుతుంది, దిగువవారికి అది అదృష్టం. అల్పపీడనం ఒకేచోట మందగించినా, ఒకదాని వెంట మరొకటి వచ్చినా ఆ వెసులుబాటు పోయి రెండు కెరటాలూ ఒకేసారి, శబరి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర ఎదురవుతాయి.

కూనవరంలో జరిగేదాన్ని యాప్ చూపగలుగుతుంది కానీ వివరించదు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు అందులో కలవవలసిన శబరికి దారి దొరకదు. నీరు వెనక్కి నిలిచి, ఒక్కొక్కసారి గోదావరే శబరిలోకి ఎగదన్నుతుంది. చింతూరు వైపు రోడ్లు మునగడానికి అక్కడ ఆ రోజు వాన పడి ఉండవలసిన పని లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట అనే ఊరి కేంద్రంలో శబరి మట్టం పెరుగుతోంటే అది ఎగువ కోరాపుట్ కొండల నుంచి వచ్చిన నీరా, దిగువ నుంచి గోదావరి ఎగదన్నిన నీరా అన్నది ఒక్క చుక్కను చూసి చెప్పలేం. భద్రాచలం, కూనవరం, కుంట మూడింటి గీతలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా రెండు మూడు కేంద్రాలను ఒకే తెర మీద పోల్చే ఏర్పాటు ఈ యాప్‌కు అత్యవసరంగా కావలసినది. వరద ఒక చోట జరిగే సంఘటన కాదు, దారి పొడవునా నడిచే కెరటం. దాన్ని విడివిడి చుక్కలుగా చూపడంలో సగం సమాచారం జారిపోతుంది.

ఆ కెరటం నడక గురించి కూడా సాధారణంగా ఒక అపోహ ఉంది. భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి వరద చేరడానికి సుమారు ఒక రోజు పడుతుందంటే, భద్రాచలంలో పారేసిన కొబ్బరికాయ సరిగ్గా అప్పటికి ధవళేశ్వరం చేరుతుందని అర్థం కాదు. నది నిండుతున్నప్పుడు మట్టం పెరుగుదల కెరటంలా ముందుకు సాగుతుంది, దాని వేగం నీటి వేగం కంటే ఎక్కువ. వరద వార్త నీటి కంటే ముందే వచ్చేస్తుంది. నీరు గట్లు దాటి పొలాల్లోకి, లంకల్లోకి పరుచుకున్నప్పుడు మాత్రం ఆ నడక మందగిస్తుంది, శిఖరం కాస్త చదునవుతుంది. మైదానంలో నిలిచిన నీరు దిగువ ఊళ్లకు కొన్ని గంటల గడువునిస్తుంది. ఏటిగట్లు కట్టి నదిని ఇరుకు చేసిన చోట ఆ గడువు తగ్గుతుంది. 2021 జూన్‌లో పోలవరం దగ్గర నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు కనుక ఆ పైనున్న కేంద్రాల మట్టాలను పాత వరదల మట్టాలతో యథాతథంగా పోల్చడమూ జాగ్రత్తగా చేయవలసిన పని.

మట్టం ఒకటి, ప్రవాహం మరొకటి. యాప్ నదీ కేంద్రాల్లో మొదట మన ముందుంచేది మట్టాన్నే. ఆనకట్టలూ జలాశయాల విషయానికి వచ్చేసరికి లోనికి వచ్చే ప్రవాహం లెక్క మొదలవుతుంది. సామాన్యుడు ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకోలేక తికమకపడతాడు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లకు కొంచెం ఎక్కువ. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ధవళేశ్వరంలో 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ స్థాయిలో ఒక రోజు పారితే 216 టీఎంసీలవుతుంది. 312 టీఎంసీల నాగార్జునసాగర్ ఖాళీగా ఉండి ఉంటే రోజున్నరలోపే నిండిపోయేది. మట్టాన్ని స్కేలు చూసి ఎవరైనా చెప్పగలరు కానీ ప్రవాహాన్ని నేరుగా కొలవడం కష్టం: నది అడ్డుకోతను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో నీటి వేగాన్ని కొలిచి, వైశాల్యంతో హెచ్చవేసి కలపాలి. అలా అనేకసార్లు కొలిచి మట్టానికీ ప్రవాహానికీ ఒక సంబంధం గీసుకుంటారు. ఆపైన మట్టం చూసి ప్రవాహం చెబుతారు. ఆ సంబంధం కూడా కచ్చితం కాదు, నీరు పెరుగుతున్నప్పుడు వాలు ఎక్కువగా ఉండడం వల్ల అదే మట్టానికి ఎక్కువ నీరు పారుతుంది, తీస్తున్నప్పుడు తక్కువ పారుతుంది. వార్తల్లో క్యూసెక్కుల అంకెలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండడానికి ఇదొక కారణం. అందువల్ల ఇళ్లకు సంబంధించిన నిర్ణయాలకు మట్టమే నమ్మదగిన కొలత. ఈ విషయంలో యాప్ రూపకర్తల ఎంపికతో నేను ఏకీభవిస్తాను.

జలాశయాల విభాగం ఉపయోగకరమే కానీ దాన్ని చదివేటప్పుడు డ్యామునూ బ్యారేజీనీ ఒకే గాటన కట్టకూడదు. శ్రీరామసాగర్ వంటి డ్యాము ఖాళీ ఉన్నంతవరకు వరద శిఖరాన్ని తగ్గించగలదు. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశాక వచ్చిన నీరు వచ్చినట్టు పోవలసిందే. నదిని కాలువలకు అందేలా కాస్త ఎత్తి పట్టుకోవడానికి కట్టినది అది, వరదను దాచుకోవడానికి కాదు. 'బ్యారేజీ ఉంది కదా, ఆపుతుందిలే' అన్న మాట కోనసీమలో ఇప్పటికీ వినిపిస్తుంటుంది.

ఇక అసలు లోపం: వాగులు. తెలుగు రాష్ట్రాల్లో నీటి ముప్పు పెద్ద నది నుంచి మాత్రమే రాదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో ఇళ్లను ముంచింది మున్నేరు; అదే సమయంలో విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి నీటిలో ఉంచింది బుడమేరు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదై 2009 నాటి వరదను మించింది; పులిచింతల దిగువన కలిసే మున్నేరు, కట్టలేరు వంటి ఏర్లు ఉప్పొంగకపోతే కృష్ణ అంతగా పెరిగేది కాదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే చిన్న ఏరు. దాని వరదను వెలగలేరు దగ్గర మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేందుకు కాలువ ఉంది. కృష్ణ తానే నిండుగా ఉన్న రోజున ఆ కాలువకు దారి మూసుకుపోతుంది. కూనవరంలో శబరికి జరిగేదే ఇక్కడ చిన్న స్థాయిలో, కానీ లక్షల జనం ఉన్న నగరం పక్కన జరిగింది. కాలువ గట్లకు గండ్లు పడ్డాయి.

వాగుకు హెచ్చరిక ఇవ్వడం ఎందుకు కష్టమో చెప్పకపోతే జలసంఘానికి అన్యాయం చేసినట్టవుతుంది. ప్రాణహితలో నీరు చేరడానికి రోజులు పడుతుంది. ఎగువ కేంద్రంలో మట్టం పెరగడాన్ని చూసి దిగువన ఎప్పుడు, ఎంత పెరుగుతుందో అంచనా వేయడానికి తీరిక ఉంటుంది. వాగుకు ఎగువ కేంద్రమనేదే ఉండదు. దాని పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ. వాన మొదలైన రెండు మూడు గంటల్లోనే నీరు కల్వర్టు ఎక్కేస్తుంది. అక్కడ అంచనా వేయాలంటే నీటిని కాదు, మేఘాన్నే చూడాలి. అంటే రాడారు, వర్షమాపకాలు, నేల ఎంత తడిసి ఉందన్న లెక్క. యాప్ ఏడు రోజుల దాకా ఇచ్చే సూచనలు వర్షపాత అంచనాల మీద ఆధారపడినవే కానీ అవి ఎంచుకున్న కేంద్రాలకే పరిమితం. పట్టణాలు వాగు గర్భంలోకి పెరిగి, చెరువులు ప్లాట్లుగా మారి, సిమెంటు నేల ఇంకుడును ఆపేశాక వాగుల వేగం మునుపటి కంటే పెరిగింది. ఈ పరిస్థితిలో పటం మీద ఆకుపచ్చ చుక్క కనిపించినంత మాత్రాన తమ వీధి వాగు కూడా క్షేమంగా ఉన్నట్టు ఎవరూ భావించరాదు. 'ఈ సమాచారం ఫలానా నదులకే వర్తిస్తుంది, మీ దగ్గరి వాగులకు వర్తించదు' అని తెర మీద పెద్ద అక్షరాలతో రాయడం యాప్ బాధ్యత అని నా అభిప్రాయం.

భాష విషయంలో చెప్పవలసింది తక్కువే. విడుదల నాడు ప్రకటించినవి ఇంగ్లీషు, హిందీ భాషలు. చదవలేనివారి కోసం వినిపించే ఏర్పాటు చేశారు, ఆలోచన మెచ్చదగినది. కానీ వరరామచంద్రపురంలోనో అల్లవరంలోనో ఉన్న పెద్దావిడకు ఆ రెండు భాషల్లో ఏది వినిపించినా ప్రయోజనం ఏమిటి? తెలుగు, కోయ, ఒడియా మాట్లాడేవారు ఒకే నది ఒడ్డున ఉంటారన్న సంగతి నదుల మీద పనిచేసే సంస్థకు తెలియనిది కాదు.

వరద కోసం తయారైన సేవ కనుక వానాకాలం తరువాత ఇందులో చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు, నది కథలో సగం మాత్రం అప్పుడే జరుగుతుంది. డిసెంబరులో చినుకు లేకపోయినా గోదావరి పారుతూనే ఉంటుంది. అది భూగర్భ జలం నుంచి ఊరుతున్న నీరు. వానాకాలంలో నది పక్క భూమికి నీరిస్తుంది, వేసవిలో భూమి నదికి తిరిగిస్తుంది. ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరడం ఈ ఇచ్చిపుచ్చుకోవడానికే నిదర్శనం. బోర్లతో భూగర్భ మట్టాన్ని నది అడుగు కంటే కిందికి తోడేసిన చోట ఈ ఊట ఆగి, ఏరు ఇసుక దిబ్బగా మిగులుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఒకప్పుడు సంక్రాంతి దాకా పారిన వాగులు దసరాకే ఎండిపోవడం వెనుక ఇదొక ప్రధాన కారణం. గోదావరి డెల్టాలో దాళ్వా పంటకు సహజ ప్రవాహం చాలనప్పుడు సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి విడుదలయ్యే నీరే ఆదుకుంటోంది. వరద మట్టాలను చూపినంత శ్రద్ధగా కనిష్ఠ ప్రవాహాలను కూడా చూపితే రైతుకు ఏడాది పొడవునా ఉపయోగపడే సేవ అవుతుంది.

ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి లంకల మధ్య నడుస్తుంది. అక్కడ మట్టాన్ని నిర్ణయించేది ఎగువ నుంచి వచ్చే నీరు ఒక్కటే కాదు, సముద్రపు పోటు కూడా. అమావాస్య, పౌర్ణమి రోజుల పోటు వేళకే వరద శిఖరం చేరితే నీరు త్వరగా కడలిలోకి దిగదు, లంకల్లో మరికొంత సేపు నిలుస్తుంది. కోనసీమవారు ధవళేశ్వరం అంకెతో పాటు ఆ రోజు తిథిని కూడా చూసుకోవడం మూఢనమ్మకం కాదు, అనుభవం. ఇలా బంగాళాఖాతంలో చేరిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక పైన పలచని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర కింది చల్లని నీటితో సులభంగా కలవదు, అందుకే వేడిని పట్టి ఉంచుతుంది. అల్పపీడనాలకు కావలసిన వెచ్చదనం, ఆవిరి దొరికేది అలాంటి సముద్రం మీదనే. ప్రపంచ నదులన్నీ కలిసి ఏడాదికి సుమారు 40 వేల ఘన కిలోమీటర్ల నీటిని సముద్రాలకు చేరుస్తాయని అంచనా. అంత నీరూ మళ్లీ ఆవిరై నేల మీదికి రావలసిందే. ఏ క్షణంలో లెక్కించినా నదుల్లో ఉన్నది భూమి మీది మొత్తం నీటిలో అత్యల్ప భాగం; అది నిలవ ఉండేది కాదు, నడిచేది కనుకనే అంత కొద్ది నీరు ఇంత పని చేయగలుగుతోంది.

వాడుకలో పెట్టదలచినవారికి నేను సూచించే పద్ధతి ఇది. ముంపు మండలాలవారు టేక్రా, పాతగూడెం, పేరూరు, భద్రాచలం, కుంట కేంద్రాలను గుర్తుపెట్టుకుని జులై మొదటి వారం నుంచి రోజూ ఒకసారి, వాన ముసురు పట్టినప్పుడు పూటకోసారి చూడాలి. లంక గ్రామాలవారికి భద్రాచలం, ధవళేశ్వరం చాలు. భద్రాచలంలో మట్టం నిలకడకు వచ్చిన గంటను రాసిపెట్టుకుని దానికి ఒక రోజు కలుపుకుంటే తమ దగ్గర శిఖరం ఎప్పుడు వస్తుందో స్థూలంగా తెలుస్తుంది. మున్నేరు, బుడమేరు వంటి ఏర్ల పక్కనున్నవారు ఈ యాప్‌ను రెండో ఆధారంగా మాత్రమే ఉంచుకుని, వాతావరణ శాఖ రాడారు పటాన్నీ స్థానిక అధికారుల ప్రకటననూ మొదటి ఆధారంగా తీసుకోవాలి. రాత్రివేళ వాన కురుస్తూ ఉంటే చుక్క రంగు మారేదాకా ఆగకుండా మెరకకు చేరడం మేలు.